తూటా నిండా మందు

ట్రెయిల్ బాస్ అనే తుపాకీ మందు మీద నాకున్న ఇష్టానికి ఒక్కటే కారణం: అది తూటా లోపలి చోటును నింపుతుంది. బలం తక్కువ, ఖరీదు ఎక్కువ, ఇప్పుడు దొరకడమే కష్టం. అయినా పాత .38 స్పెషల్ రివాల్వర్ కోసం సాధన తూటాలు ఇంట్లోనే నింపుకునే నాకు, ఆ ఒక్క గుణం ముందు మిగతా లోటులు చిన్నవిగానే కనిపిస్తున్నాయి.

నా దగ్గరున్నది స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10. ఏదో పోలీసు శాఖ వాడి వదిలేస్తే, ఒహాయోలో మా ఊరి దుకాణానికి చేరి, అక్కడి నుంచి నా ఇంటికి వచ్చింది. ఒరలో పెట్టి తీయడంతో గొట్టం చివర రంగు పోయింది కానీ లోపలి పనితనం ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. అలాంటి తుపాకీని పూర్తి బలమున్న తూటాలతో వారం వారం బాధపెట్టాలని నాకు లేదు. నా భార్య కూడా రేంజికి వచ్చి నేర్చుకోవడం మొదలుపెట్టాక, చేతిని అదరగొట్టని తూటా తప్పనిసరైంది.

చిక్కంతా ఆ తూటా పుట్టుకలోనే ఉంది. .38 స్పెషల్ అనే ఈ తూటా రకం 1898 ప్రాంతంలో వచ్చింది. దట్టంగా పొగ చిమ్మే పాతకాలపు మందును బాగా పోస్తేనే అప్పట్లో గుండు కదిలేది, అందుకే ఇత్తడి తొడుగు అంత పొడవు. ఇప్పటి మందు అడుగున కొంచెం పోస్తే చాలు. సాధన కోసం దాన్ని ఇంకా తగ్గిస్తే, లోపల మందు కన్నా ఖాళీయే ఎక్కువ. ఆ కాస్త మందూ గొట్టం వంచితే గుండు వైపు జారుతుంది, ఎత్తితే ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత) దగ్గర చేరుతుంది. నిప్పు అంటుకునే తీరు ప్రతిసారీ మారిపోతుంది.

దీన్ని పుస్తకంలో చదవడం వేరు, కళ్లతో చూడడం వేరు. అప్పట్లో నేను వాడినది సన్నని రేకుల మందు, చాలామంది మెచ్చుకునేదే. 25 గజాల దూరంలో కాగితం మీద చిల్లులన్నీ ఒకదాని కింద ఒకటిగా నిలువుగా పడేవి. చేతి వణుకు కాదు, ఇసుక సంచికి ఆనించి కాల్చినా అంతే. క్లబ్బులో ఒక పెద్దాయన వచ్చి కాసేపు చూసి, గుండు వేగాన్ని కొలిచే తన క్రోనోగ్రాఫ్ తెచ్చి బల్ల ముందు నిలబెట్టారు. ప్రతి తూటాకు ముందు గొట్టాన్ని నేల వైపు వంచి, నెమ్మదిగా గురికి లేపి కాల్చమన్నారు. తర్వాత గురి వెనకున్న మట్టికట్ట దాటకుండా కాస్త పైకెత్తి, మెల్లగా దించి కాల్చమన్నారు. తూటాలన్నీ ఒకే పెట్టెలోవి, ఒకే తూకంవి. అయినా రెండు పద్ధతులకూ మధ్య వేగంలో తేడా సెకనుకు దాదాపు వంద అడుగులు! వంచి లేపినవి నీరసంగా వెళ్లాయి, ఎత్తి దించినవి చురుగ్గా వెళ్లాయి. తూటాలు నింపేటప్పుడు నేను పడ్డ శ్రద్ధనంతా ఆ ఖాళీ చోటు మింగేస్తోందని తెలిసినప్పుడు నిజంగా బాధేసింది.

ఆ పెద్దాయనే తన దగ్గరున్న ట్రెయిల్ బాస్ రుచి చూపించారు. ఇది ఆస్ట్రేలియాలో తయారై, అమెరికాలో ఐఎంఆర్ పేరుతో వచ్చేది. కౌబాయ్ వేషాలతో పోటీలు ఆడేవారు సీసపు గుండ్లను తక్కువ వేగంతో కాల్చుకోవడానికి ఉద్దేశించినది. ఒక్కో పలుకూ మధ్యలో చిల్లు పెట్టిన చిట్టి గారెలా ఉంటుంది. అందుకే అది తూకానికి తేలిక, చూపుకు నిండు. ఇతర మందులు 16 ఔన్సులు పట్టేంత డబ్బాలో ఇది 9 ఔన్సులే పడుతుంది. 158 గ్రెయిన్ల (సుమారు 10 గ్రాముల) సీసపు గుండు కింద దీన్ని పోసి, అదే పరీక్ష మళ్లీ చేశాను. వంచినా ఎత్తినా వేగం దాదాపు ఒక్కటే. కాగితం మీద నిలువు గీత పోయి చిల్లులన్నీ గుండ్రంగా ఒకచోట చేరాయి. ఆ కాగితాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

దీనితో ఇంకో మేలు ఉంది, అది ప్రాణానికి సంబంధించినది. సన్నని మందు పొరపాటున రెండుసార్లు పడినా పొడవైన తొడుగు అడుగున ఎక్కడో ఉండి కనబడకుండా పోవచ్చు. అలాంటి తూటా పేలితే రివాల్వర్ బద్దలవుతుంది. ట్రెయిల్ బాస్ రెండుసార్లు పడితే తొడుగు నోటిదాకా వస్తుంది, లేదా ఒలికిపోతుంది. అసలు పడకపోయినా వెంటనే తెలుస్తుంది. వరుసగా నిలబెట్టిన తొడుగుల మీదికి దీపం పట్టి ఒక్కసారి చూస్తే చాలు. ఈ నిశ్చింతకు ఎంత డబ్బు పెట్టినా తక్కువే అంటాను.

అయితే నింపడం మంచిదని పైన చెప్పిన మాటకు ఒక హద్దుంది. వాడ్‌కటర్ అనే, ముందు భాగం చదునుగా ఉండే గుండును తొడుగు లోపలికంటా దించుతాం కాబట్టి అక్కడ ఖాళీయే తక్కువ. ఈ మందును గుండుతో నొక్కి కూర్చకూడదు, పలుకులు నలిగితే ఒత్తిడి పెరుగుతుంది. అంటే సాధనకు పేరుపడ్డ ఆ గుండుకే ఇది అంతగా నప్పదు. కొలత యంత్రంలోనూ ఇబ్బందే: పెద్ద పలుకులు ఒకదానికొకటి అడ్డుపడి ఆగుతాయి, అందుకే నేను మధ్యమధ్యలో తూకం వేస్తూనే ఉంటాను. ఎంత పోయాలో మాత్రం ఇక్కడ చెప్పను. తయారీదారు అచ్చువేసిన పట్టిక తప్ప ఇంకెవరి మాటా, నా మాటతో సహా, నమ్మవద్దు.

చట్టం సంగతీ చూసుకోవాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు నింపుకోవచ్చు, అమ్మాలంటే లైసెన్సు కావాలి. భారతదేశంలో తూటాల తయారీ 1959 ఆయుధాల చట్టం కిందకు వస్తుంది, లైసెన్సు లేకుండా కుదరదు.

కొత్తవారిని దీన్నే కొనమని చెప్పలేను. కొన్నేళ్లుగా దుకాణాల్లో కనబడడం లేదు, ఎవరైనా అమ్మినా ధర మండిపోతోంది. నా రివాల్వర్‌కు గురిపెట్టే పలకలు కదలవు, వాటితో గురిని సరిచేసుకోలేను. ఈ తూటా సరిగ్గా గురి దగ్గరే తగలడం నా తుపాకీకి కలిసొచ్చింది, మీ తుపాకీకి అలా కుదరకపోవచ్చు. నేను కాల్చేదీ నెమ్మదిగా, కాగితం మీదే. మిగిలిన డబ్బాలు అయిపోతే నేను వాడ్‌కటర్లకు, వాటికి తగిన వేరే మందుకు మారతాను. అప్పటివరకు ఉన్నదాన్ని నా భార్య సాధనకే ఎక్కువగా కేటాయిస్తున్నాను.