ఊరేగింపుల హెరాల్డ్ కారుకి ఇంజను పని: ఆటోనగర్ బోరింగు షాపుతో నా అనుభవం

ముందే చెప్తున్నా, షాపు పేరు రాయను. రాయొద్దని మేస్త్రీగారే అన్నారు. "ఉన్న పనికే టైం చాలట్లేదు బాబూ, ఇంకా జనాన్ని నా మీదకి తోలకు" అని. విజయవాడ ఆటోనగర్‌లో పాత కార్లకి బోరింగు (అరిగిన ఇంజను సిలిండర్లని లోపల మళ్ళీ గుండ్రంగా కోసే పని) ఎవరు బాగా చేస్తారని నలుగురిని అడగండి, కనీసం ఇద్దరు ఆయన దగ్గరికే పంపిస్తారు.

నాది తెనాలి. 26 ఏళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నా. మా చుట్టుపక్కల ఊరేగింపులకి ఎర్ర రంగు స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఒకటి తిరిగేది, టాపు తీసేసి. ఎన్ని వందల పెళ్ళిళ్ళలో దాన్ని షూట్ చేశానో నాకే లెక్క లేదు. ఇప్పుడు పెళ్ళికొడుకులందరికీ సన్‌రూఫ్‌లోంచి నిలబడటమే కావాలి. దాంతో లైటింగ్ షాపాయన దాన్ని జనరేటర్ల పక్కన పడేశాడు. 2022లో బేరమాడి కొన్నా. ఇంట్లో ఏమన్నారో అది వేరే రివ్యూ.

హెరాల్డ్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్, గీసింది ఇటలీ డిజైనర్ మిచెలోటి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేశారు. 948 సీసీ ఇంజను. అంబాసిడర్‌కి బాడీయే ఆధారం కాబట్టి టాపు కోస్తే నడుం వంగుతుంది. హెరాల్డ్‌కి ఆ బాధ లేదు. కింద చాసీ వేరే, పైన బాడీ అంతా బోల్టులతో బిగించిన ముక్కలు. టాపు కూడా విప్పి పక్కన పెట్టొచ్చు. నా అదృష్టం, ఒరిజినల్ టాపు లైటింగ్ షాపు అటక మీద షామియానా గుడ్డల కింద దొరికింది. ఆర్‌సీలో సెలూన్ అనే రాసి ఉంది కాబట్టి ఆ రేకు నాకు బంగారం. ఆర్‌టీఓ ఆఫీసుకి అది బిగించుకునే వెళ్ళా.

ఇక ఇంజను. మొదట మా దగ్గర్లోనే ఒక షెడ్డులో ఇచ్చా. రింగులు మార్చి, హెడ్డు గేస్‌కట్ వేసి, 18,000 తీసుకుని "కొత్త ఇంజనే సార్" అన్నారు. రెండు నెలలకే తెల్ల పొగ, ఆయిలు తాగడం, దానికితోడు క్లచ్ తొక్కినప్పుడల్లా లోపల ఏదో "టక్" మనే చప్పుడు. మళ్ళీ తీసుకెళ్తే "పాత బండి కదా, కొంచెం సౌండ్ ఉంటుంది" అన్నారు. అక్కడితో వాళ్ళకి దండం పెట్టేశా.

ఆటోనగర్ మేస్త్రీగారికి డెబ్బై దాటి ఉంటాయి. బండి ఆగగానే బానెట్ ఎత్తమన్నారు. హెరాల్డ్ బానెట్ అంటే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా ముందుకి లేస్తుంది. మనిషి ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఆయన అలాగే కూర్చున్నారు. కుర్రాణ్ణి క్లచ్ తొక్కమని, క్రాంకు (ఇంజను లోపల తిరిగే ఇరుసు) ముందు చివరన ఉండే పుల్లీ వైపే చూస్తున్నారు. నన్నూ చూడమన్నారు. పెడల్ తొక్కగానే పుల్లీ ముందుకి జరిగింది, వదలగానే వెనక్కి. కంటికే తెలిసిపోతోంది.

"బాబూ, ఇది ఊరేగింపుల్లో తిరిగిన బండేనా?"

నేను ఇంకా ఏమీ చెప్పలేదు. ఎలా తెలిసిందంటే నవ్వి, ముందు ఇంజను దించుదాం అన్నారు. దించి సంప్ (ఇంజను కింది ఆయిలు తొట్టి) విప్పితే అడుగున ఆయిలు మడ్డిలో అర్ధచంద్రాకారపు వాషరు ఒకటి పడి ఉంది. ఈ ఇంజనులో వెనక మెయిన్ బేరింగు దగ్గర అలాంటివి రెండు ఉంటాయి. క్లచ్ తొక్కినప్పుడు క్రాంకు మొత్తం ముందుకి తోసుకొస్తుంది, దాన్ని ఆపేది ఆ వాషరే. మామూలుగా నడిపితే గేరు మార్చినప్పుడు మాత్రమే దాని మీద బరువు పడుతుంది. ఊరేగింపులో బ్యాండు ప్రతి సందు మొదట్లో ఆగుతుంది, బంధువులు డాన్స్ చేస్తారు, డ్రైవరు ఎడమ కాలు క్లచ్ మీంచి తీయడు. ఇంటికొచ్చి 2009 నాటి క్యాసెట్టు ఒకటి వేసి చూశా: గుడి నుంచి కల్యాణ మండపం కిలోమీటరున్నర, పట్టిన టైం గంటా యాభై నిమిషాలు. వీడియోకి నేనే "ఇంకొంచెం నిదానంగా" అని అరుస్తున్నా. వాషరు అరగడంలో నా వాటా కూడా ఉందన్నమాట.

వాషరు పడిపోయాక క్రాంకు వెళ్ళి బ్లాకునే గీకడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్ళు తిప్పి ఉంటే బ్లాకు తుక్కే. ఆ ముఖం కాస్త చదును చేసి, మామూలు కన్నా 5 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దళసరి వాషర్లు ఇంగ్లండ్ నుంచి తెప్పించమన్నారు. పోస్టు ఖర్చు వాషర్ల ధర కన్నా ఎక్కువైంది.

బోరింగు దగ్గర ఆయన పద్ధతి నాకు బాగా నచ్చింది. ఒక్కో సిలిండర్‌ని పైన, మధ్యలో, కింద, రెండు వైపులా కొలిచి బ్లాకు మీదే చాక్‌పీసుతో రాశారు. ఇదివరకే 40 థౌ వరకు బోరు చేసేసి ఉంది. పైగా మూడో సిలిండర్ కోడిగుడ్డు షేపులోకి వచ్చేసింది. అందులో కొత్త రింగులు వేస్తే ఏం లాభం? అందుకని నాలుగింటికీ స్లీవులు (సిలిండర్ లోపల దిగ్గొట్టే కొత్త గొట్టాలు) వేసి మళ్ళీ స్టాండర్డ్ సైజుకి, అంటే 63 మిల్లీమీటర్లకి తెద్దామన్నారు. కానీ పిస్టన్లు చేతిలో పెట్టేదాకా మెషిన్ ఆన్ చేయనన్నారు. చెన్నై జి.పి. రోడ్డులో రెండు రోజులు తిరిగితే, కాగితం కూడా విప్పని పాత సెట్టు దొరికింది. ఏ బోరుకి ఏ పిస్టనో విడివిడిగా కొలిచి, నంబరు పంచ్ కొట్టి మరీ చేశారు.

స్లీవులు, బోరింగు, హోనింగు (లోపలి గోడలు సాన పట్టడం) కలిపి 11,000. క్రాంకు గ్రైండింగు 3,500. హెడ్డు ఫేసింగు, వాల్వు సీట్లు 4,000. పిస్టన్లు నేను తెచ్చినవి, 16,000. హాఫ్ ఇంజను (బ్లాకులో క్రాంకు, పిస్టన్లు) ఆయనే దగ్గరుండి బిగించారు, దానికి విడిగా ఏమీ తీసుకోలేదు.

బాగాలేనివి కూడా చెప్పాలి. పదిహేను రోజులన్నారు, మూడు నెలలు పట్టింది. ఫోన్ ఎత్తరు. బిల్లు ఇవ్వరు, సిగరెట్టు పెట్టె అట్ట మీద లెక్క రాసిస్తారు. హెడ్డు రెడీ అయిందంటే తెనాలి నుంచి వెళ్ళా, చూస్తే వాల్వులింకా కిరోసిన్ డబ్బాలోనే నానుతున్నాయి. అర్జెంటు పని ఉన్నవాళ్ళు వెళ్ళకండి, బీపీ వస్తుంది.

మడత టాపు మాత్రం ఆయన చెప్పిన చోటే కుట్టించి దెబ్బతిన్నా. జీపు టాపులు కుట్టే షాపు. కాన్వాసు మంచిదే, కుట్టు గట్టిదే, కానీ అద్దం ఫ్రేము మూలల దగ్గర రబ్బరు సరిగ్గా కూర్చోలేదు. మొదటి వానకే నా కుడి మోకాలు తడిసింది. ఇప్పటికి రెండుసార్లు సరిచేశారు, ఇప్పుడు ఎడమ మోకాలు తడుస్తోంది. టింకరింగు అక్కడే పక్క షెడ్డులో. ఫ్లోర్ రేకు కోసి తీస్తే కింద పిడికెడు అక్షింతలు, పసుపు రంగు ఇంకా పోలేదు.

ఇప్పటికి 1,400 కిలోమీటర్లు తిరిగా. మొదటి 800 వరకు అరవై దాటించొద్దన్నారు, దాటించలేదు. తర్వాత హెడ్డు బోల్టులు మళ్ళీ బిగించి, టాపెట్ల సందు 10 థౌకి పెట్టించా. పొగ లేదు, క్లచ్ తొక్కితే పుల్లీ కదలట్లేదు. వెనకవైపు క్రాంకు దగ్గర రోజుకి రెండు చుక్కలు ఆయిలు కారుతుంది, ఈ ఇంజనుకి అది మామూలే అన్నారు. కింద అట్టముక్క పెట్టి వదిలేశా.

మొన్న లైటింగ్ షాపాయన ఫోన్ చేసి, బండి భలే తయారైందట కదా, శ్రావణంలో ఒక్క పెళ్ళికి ఇస్తావా అన్నాడు. ఇంజను ఆపేసి, మనుషులు తోసుకుంటూ వెళ్ళేటట్టయితే ఇస్తానన్నా. పెళ్ళివారిని కనుక్కుని చెప్తానన్నాడు.