“అన్ని ఐసీలూ పడతాయి సార్” అంటూ అమ్మే బర్నర్ బోర్డులతో జాగ్రత్త

విశాఖలో మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామర్, అంటే ప్రోగ్రామ్‌తో నడిచే ఐసీ (చిప్)లోకి ఆ ప్రోగ్రామ్ ఎక్కించే, మనమంతా బర్నర్ అనే బోర్డు, కొనబోతున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ముఖ్యంగా ప్రాజెక్టుల టైములో హడావిడిగా జగదాంబ వైపు పరిగెత్తే ఇంజినీరింగ్ పిల్లలు. షాపు పేరు రాయను. ఇలాంటి బోర్డులు ఒక్క చోటే అమ్మడం లేదు.

నేను అపార్ట్‌మెంట్ల వాటర్ ట్యాంకులకు లెవల్ కంట్రోలర్లు తయారుచేస్తుంటాను. చిన్నవాటిలో 8 కాళ్ళ పిక్ 12ఎఫ్675, 14 కాళ్ళ 16ఎఫ్676 వేస్తాను. డిస్‌ప్లే కావాలంటే 28 కాళ్ళ ఏటీమెగా8, ఇది ఏవీఆర్ రకం. పిక్, ఏవీఆర్ అనేవి మైక్రోకంట్రోలర్లలో రెండు కుటుంబాలు. పాత బర్నర్ పాడైతే కొత్తదానికి వెళ్ళాను. “40 పిన్నుల సాకెట్ సార్, 8 నుంచి 40 దాకా ఏదైనా పడుతుంది, పిక్, ఏవీఆర్ రెండూ డంప్ అవుతాయి” అన్నారు షాపువాళ్ళు. డంప్ అంటే ప్రోగ్రామ్ ఎక్కించడం. అట్టపెట్టె మీద కూడా యూనివర్సల్ అనే ఉంది.

ఇంటికొచ్చి చూస్తే నా ఐసీల్లో ఒక్కటీ అందులో కూర్చోదు. 40 కాళ్ళ ఐసీలో రెండు వరసల మధ్య దూరం 15.24 మిల్లీమీటర్లు. 8, 14, 18 కాళ్ళవాటిలో, ఏటీమెగా8లో అది సరిగ్గా సగం, 7.62. లీవర్‌తో బిగించి వదులు చేసే మంచి జిఫ్ సాకెట్‌లో రంధ్రాలు పొడవుగా, లోపలి వైపుకి సాగి ఉంటాయి కాబట్టి సన్న ఐసీ, వెడల్పు ఐసీ రెండూ పడతాయి. నాకు అంటగట్టినదానిలో చిన్న రంధ్రాలే, అవీ వెడల్పు ఐసీకి మాత్రమే. ఇవన్నీ పెట్టె మీద ఎందుకు రాస్తారు!

తిరిగి పట్టుకెళ్తే తప్పు ఒప్పుకోలేదు. కాళ్ళు కొంచెం వంచి పెట్టమని సలహా ఇచ్చారు. ఏడున్నర మిల్లీమీటర్ల తేడాకి కాళ్ళు ఎంత వంచాలో మీరే ఊహించుకోండి. నేను గట్టిగా అడిగితే సన్నదాన్ని వెడల్పుగా మార్చే చిన్న అడాప్టర్ తీసి, దానికి వేరే డబ్బు తీసుకున్నారు.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. డెమో చూపిస్తామంటూ అక్కడి కుర్రాడు నా 16ఎఫ్676ని అడాప్టర్‌తో సహా సాకెట్ పై చివర, ఒకటో పిన్నుకి ఒకటో పిన్ను కలిపి పెట్టాడు. 40 కాళ్ళ 16ఎఫ్877ఏకి అది సరైన చోటే. దాంట్లో ఒకటో కాలు ఎంసీఎల్ఆర్, అంటే రీసెట్ కాలు. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు సుమారు 13 వోల్టులు వెళ్ళేది దానికే. 16ఎఫ్676లో ఎంసీఎల్ఆర్ నాలుగో కాలు, ఒకటో కాలు సప్లై. ఆ సప్లై కాలు 6.5 వోల్టులు దాటితే తట్టుకోదు. ఐసీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి పోయింది. “మీ ఐసీయే డూప్లికేట్ సార్” అన్నారు!

8, 14, 18 కాళ్ళ పిక్‌లు చాలావరకు ఇలాంటివే. 12ఎఫ్675లోనూ 16ఎఫ్628ఏలోనూ ఎంసీఎల్ఆర్ నాలుగో కాలే. అందుకే ఏ ఐసీని ఏ వరస నుంచి పెట్టాలో చూపించే బొమ్మ బోర్డు మీదో, సాఫ్ట్‌వేర్‌లోనో కచ్చితంగా ఉండాలి. నాకిచ్చినదానికి రెండు చోట్లా లేదు. బొమ్మ లేని బోర్డు ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

కాంటాక్టులు కూడా చూడండి. మన ఊరి ఉప్పుగాలికి పాత స్టాకులో సాకెట్ లోపలి రేకులు నల్లబడతాయి. అప్పుడు బర్నర్ ఐసీని ఒకసారి చదువుతుంది, ఇంకోసారి ఖాళీ అంటుంది. 12ఎఫ్675, 16ఎఫ్676 వాడేవాళ్ళకి దీంతో పెద్ద తలనొప్పి. వాటి ప్రోగ్రామ్ మెమరీ చివరి గడిలో, అంటే 3ఎఫ్ఎఫ్ అనే అడ్రస్ దగ్గర, లోపలి ఆసిలేటర్‌ని (ఐసీని నడిపే గడియారాన్ని) సరిచేసే కాలిబ్రేషన్ విలువ కంపెనీవాళ్ళే రాసి పంపుతారు. తప్పుగా చదివిన బర్నర్ దాన్ని చెరిపేస్తే టైమింగ్ దెబ్బతింటుంది. కొత్త ఐసీ పెట్టగానే ముందు చదివి, 34తో మొదలయ్యే ఆ విలువని కాగితం మీద రాసుకున్నాకే ఎరేజ్ నొక్కండి.

కొనడానికి వెళ్ళేటప్పుడు మీరు వాడే ఐసీలే జేబులో వేసుకెళ్ళండి, వీలైతే లాప్‌టాప్ కూడా. లీవర్ పైకెత్తితే ఐసీ దానంతట అదే జారి కూర్చోవాలి. వేలితో నొక్కాల్సి వస్తే వద్దనండి. లీవరే లేకుండా మామూలు ఐసీ బేస్ అతికించిన బోర్డులూ ఉన్నాయి, వాటి జోలికే వెళ్ళొద్దు. పెట్టే చోటు మీరే సరిచూసుకుని, ఐసీ రకాన్ని చెప్పే ఐడీ కోడ్ చదివించండి. ఏటీమెగా8 అయితే 1ఈ 93 07, ఏటీమెగా328పీ అయితే 1ఈ 95 0ఎఫ్ రావాలి. ఎస్ఎండీ, అంటే బోర్డు పైనే అతికించే చిన్న ఐసీల అడాప్టర్ కొనేవాళ్ళు ఒళ్ళు వెడల్పు అడగండి. 8 కాళ్ళవాటిలోనే 3.9 మిల్లీమీటర్లది ఒకటి, 5.3ది ఒకటి ఉంటాయి. ఎస్ఎండీ ఏటీటైనీ85 వెడల్పు రకంలో వస్తుంది.

బిల్లు మీద ఏయే ఐసీలు చదువుతుందో రాయించుకోండి. నా బిల్లులో “ఎలక్ట్రానిక్ ఐటమ్” అని మాత్రమే ఉంది, వాడిన సరుకు వాపసు లేదని పంపేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా ముందు కాగితమే అడుగుతారు.

ఇలాంటి బోర్డు ఇప్పటికే కొనేసినవాళ్ళు దాన్ని పారేయకండి. దాని మీద ఐసీఎస్పీ పిన్నులు, అంటే వైర్లతోనే ప్రోగ్రామ్ ఎక్కించే పిన్నులు ఉంటే సాకెట్‌తో పనే లేదు. ఐసీని సోల్డరింగ్ లేకుండా గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద పెట్టి ఎంసీఎల్ఆర్, సప్లై, గ్రౌండ్, డేటా, క్లాక్ అని ఐదు వైర్లు కలిపితే పిక్ డంప్ అవుతుంది. ప్రస్తుతానికి నేను అలాగే నెట్టుకొస్తున్నాను.