మూడు వందల డాలర్ల నెయ్యి గిన్నె

మా అమ్మ మునగాకు రెబ్బ వేయకుండా ఎప్పుడూ నెయ్యి దించలేదు. వెన్న కాగి, చిటపటలు తగ్గి, అడుగున మడ్డి గోధుమ రంగుకు తిరిగే వేళకి ఆకు వేసి, అది కరకరలాడగానే గిన్నె దించేది. ఆ ఆకు కోసం నేనూ మా తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం. తెనాలిలో మా అమ్మ చేసిన ఆ పనే ఇప్పుడు కెనడాలో, బ్రాంప్టన్‌లో నా వంటింటి గట్టు మీద ఒక యంత్రం చేస్తోంది. ఆకులో ఉన్నదాన్ని కొవ్వులోకి దింపుతుంది. కాకపోతే ఇక్కడ ఆకు గంజాయి. యంత్రం ధర 299 డాలర్లు, పన్నుతో కలిపి 338.

చదివేవాళ్ళు కంగారు పడకముందే ఒక మాట. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి పెద్దవాళ్ళు గంజాయి కొనుక్కోవడం, వాడుకోవడం చట్టబద్ధం. మా ఒంటారియోలో 19 ఏళ్ళు నిండి ఉండాలి. ఇంట్లో వాడకానికి నూనో వెన్నో చేసుకోవచ్చు. మండే రసాయనాలతో సారం తీయడం మాత్రం నిషేధం. ఇండియాలో మాదకద్రవ్యాల మీద 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, అక్కడ ఈ ప్రయోగాలు జైలుకి దారి. మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసి, "ఈసారి వచ్చేటప్పుడు ఒక చిన్న సీసా తెచ్చిపెట్టు వదినా, ఎవరికి తెలుస్తుంది" అంది. కెనడా సరిహద్దు దాటించడం ఇక్కడా నేరమే, దిగాక అక్కడా నేరమే. చీర తెస్తానని చెప్పాను.

మాకిది ఎందుకు అంటారా. పిల్లలిద్దరూ యూనివర్సిటీకి వెళ్ళిపోయారు. శనివారం రాత్రి ఆయనా నేనూ కొంచెం తీసుకుని పాత పాటలు పెట్టుకుంటాం, అంతే. ఇద్దరికీ పొగ పడదు. దుకాణంలో దొరికే గంజాయి గమ్మీలు, అంటే జెల్లీ బిళ్ళలు, నాలుక అంటుకుపోయేంత తీపి. పైగా నేను పనిచేసేది పాల ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షలు చేసే విభాగంలో. ఏది తిన్నా అందులో ఏముందో, ఎంతుందో తెలియాలన్న చాదస్తం ఉద్యోగంతో పాటే వచ్చింది.

యంత్రం కొనకముందు నాలుగైదు సార్లు మామూలు పద్ధతిలోనే చేశాను. తెలియనివాళ్ళు చేసే మొదటి పొరపాటు గంజాయి పువ్వు తెచ్చి నేరుగా నెయ్యిలో వేయడం. పచ్చి పువ్వులో ఉండేది టీహెచ్‌సీఏ. దానితో మత్తు రాదు. వేడి తగిలితేనే అది మత్తునిచ్చే టీహెచ్‌సీగా మారుతుంది. అందుకని ముందు ఓవెన్‌లో 115 డిగ్రీల దగ్గర ఓ 40 నిమిషాలు పొడిగా వేడి చేయాలి. దీన్ని డీకార్బ్ అంటారు. వేడి తక్కువైతే పని సగంలో ఆగుతుంది, ఎక్కువైతే వచ్చిన టీహెచ్‌సీ కూడా చెడిపోతుంది. నేను 12 డాలర్లు పెట్టి ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్ కొన్నాను. మా ఓవెన్ డయల్ 115 అంటుంటే లోపల 130 ఉంది. ఇన్నేళ్ళుగా నా కేకుల అడుగులు ఎందుకు మాడుతున్నాయో ఆ రోజు తెలిసింది.

ఓవెన్‌తో అసలు ఇబ్బంది వాసన. కరివేపాకు, ఎండుమిర్చి, ఇంగువ అన్నీ కలిపి పోపు పెట్టినా గంటలో పోతుంది, ఇది మూడు రోజులు కర్టెన్లను వదల్లేదు. పక్కింటి పంజాబీ ఆంటీ తలుపు దగ్గర నిలబడి కళ్ళతోనే నవ్వి వెళ్ళింది. ఆ మర్నాడే యంత్రానికి ఆర్డర్ పెట్టాను.

యంత్రం చూడ్డానికి పాతకాలం కాఫీ ఫిల్టరుకి మోటారు పెట్టినట్టుంటుంది. అర లీటరు పట్టే స్టీలు గిన్నె, అందులో చిల్లుల డబ్బా, అడుగున తిరిగే చిన్న అయస్కాంతపు రెక్క, పైన రబ్బరు రింగు ఉన్న మూత, ముందు వైపు ఒక కుళాయి. మూడు బటన్లు ఉన్నాయి: ఎండబెట్టడానికి ఒకటి, డీకార్బ్‌కి ఒకటి, నూనెలోకి దింపడానికి ఒకటి. ఈ చివరి పనికి నేను 80 డిగ్రీలు, రెండు గంటలు పెడతాను.

బాగున్నవి చెబుతాను. వేడి చెప్పినచోట నిలబడుతుంది. నా థర్మామీటర్‌తో మూడు సార్లు చూశాను, రెండు డిగ్రీలకు మించి తేడా లేదు. వాసన పూర్తిగా ఆగదు గానీ వంటింటి గడప దాటదు, పొయ్యి పైనున్న ఫ్యాన్ వేస్తే అదీ తెలియదు. రెక్క తిరుగుతూనే ఉంటుంది కాబట్టి కలుపుతూ నిలబడక్కర్లేదు. ఇంతకుముందు సీసాలో పోసి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి, రెండున్నర గంటలు కాపలా కాసేదాన్ని. ఇప్పుడు ఆ రెండు గంటల్లో బట్టలు మడతపెట్టుకుంటున్నాను. 338 డాలర్లలో సగం ఈ సుఖానికి పెట్టాననుకుంటే బాధ లేదు.

మిగతా సగం మాత్రం బాధే. కుళాయి సన్నం. చలికాలం మా వంటిల్లు 20, 21 డిగ్రీలు ఉంటుంది, అందులో నెయ్యి కుళాయి లోపలే పేరుకుపోతుంది. పిన్నీసుతో పొడిచి తీయాల్సి వచ్చింది. ఫోన్‌లో యాప్ ఒకటి వేసుకోమంటారు, గిన్నె వేడెక్కడానికి నా ఈమెయిల్ దేనికో నాకర్థం కాలేదు. బటన్లతోనూ నడుస్తుందని పుస్తకంలో 19వ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. అన్నిటికంటే చిరాకు ఆ రబ్బరు రింగు. ఒకసారి పట్టిన వాసనని వదలదు. ముచ్చటపడి కరివేపాకు నూనె చేశాను, పులిహోరలో వేస్తే ఆయన ఒక ముద్ద తిని నా ముఖం చూశారు. మత్తేమీ లేదు, ఉత్త వాసనే. ఇంకో రింగు పంపమని కంపెనీకి రాస్తే మూడు వారాలు పట్టింది, దానికి 14 డాలర్లు విడిగా. కంపెనీ పేరు రాయను, ఈ రకం యంత్రాల్లో సాధారణంగా రింగు రబ్బరుదే కాబట్టి కొనేటప్పుడు రెండోది కూడా కొనుక్కోండి. ఇంకోటి, పచ్చి కరివేపాకో వెల్లుల్లో వేసి చేసిన నూనెని గట్టు మీద వదిలేయకండి. అందులో తడి ఉంటుంది, గాలి ఉండదు, ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరిగే వీలుంది. ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి.

వెన్న కంటే నెయ్యి మేలు అని యంత్రంతో వచ్చిన పుస్తకంలో లేదు, నేను చెబుతున్నాను. మా ఫ్యాక్టరీ నుంచి వెళ్ళే వెన్నలో 80 శాతం కొవ్వు, మిగిలినదంతా దాదాపు నీళ్ళే. టీహెచ్‌సీ కరిగేది కొవ్వులో, నీళ్ళలో కాదు. ఆ నీళ్ళూ పాల మడ్డీ ఉంటే త్వరగా పాడవుతుంది కూడా. కాచిన నెయ్యిలో ఆ గొడవ లేదు. వడగట్టేటప్పుడు పిప్పిని పిండకండి. చుక్క కూడా వదలకూడదని పిండితే ఆకు పసరు దిగి చేదెక్కుతుంది. చింతపండు పులుసు పిండిన అలవాటు, చేతులు ఊరుకోవు, తెలుసు.

ఇక లెక్క. యాప్‌లో ఒక లెక్కల పట్టిక ఉంది, దాన్ని నేను కాగితం మీద మళ్ళీ వేసుకున్నాను. ఇక్కడ దుకాణంలో కొన్న డబ్బా మీద మొత్తం టీహెచ్‌సీ గ్రాముకి ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. నాది 180. డబ్బాలో మూడున్నర గ్రాములు, అంటే మొత్తం 630. దాన్ని పావు లీటరు నెయ్యిలో దింపితే, అది 50 టీ స్పూన్లు, స్పూనుకి సుమారు 12.6 మిల్లీగ్రాములు. అంతా దిగదు కాబట్టి నిజానికి కొంత తక్కువే ఉంటుంది, ఎంత తక్కువో ఇంట్లో కొలవలేం. నేను 12.6 అనే అనుకుంటాను. కెనడాలో దుకాణంలో అమ్మే తినుబండారం ఒక ప్యాకెట్ మొత్తం మీద 10 దాటకూడదు. కొత్తవాళ్ళు 2.5 లేదా అంతకంటే తక్కువతో మొదలుపెట్టమని ఇక్కడి ఆరోగ్య శాఖ చెబుతుంది. అంటే స్పూనులో ఐదో వంతు, ఒక మిల్లీలీటరు. మన ఇళ్ళలో నెయ్యి వేసే చెయ్యి అలా ఐదో వంతులు కొలిచే చెయ్యేనా?

కాదని మా ఇంట్లోనే తేలింది. మొదటిసారి సున్నుండలు చేశాను. సున్నుండలైతే నెయ్యిని మళ్ళీ పొయ్యి మీద పెట్టే పని లేదు, కరిగించి పిండిలో కలపడమే, అందుకని. ఉండకి ఒక స్పూను ఈ నెయ్యి, మిగతాది మామూలు నెయ్యి. సగం ఉండ ఆయనకి, పావు ఉండ నాకు. ముప్పావుగంట చూసి, "ఏమీ లేదోయ్, నీ యంత్రం పనిచేయట్లేదు" అని ఆయన ఇంకో సగం కూడా నోట్లో వేసుకున్నారు. పొగలా కాదండీ ఇది. తిన్నది కడుపులోకి, కాలేయంలోకి వెళ్ళి, అక్కడ మత్తు ఇంకా ఎక్కువున్న పదార్థంగా మారి అప్పుడు ఎక్కుతుంది. మొదలవడానికి అరగంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. పూర్తిగా ఎక్కడానికి నాలుగు గంటల దాకా. రాత్రి పదకొండింటికి ఆయన సోఫా చెయ్యి గట్టిగా పట్టుకుని, పది నిమిషాలకోసారి తలుపు గడియ వేశావా అని అడుగుతూ కూర్చున్నారు. తొమ్మిది సార్లు వెళ్ళి చూసి వచ్చాను. మర్నాడు మధ్యాహ్నం దాకా కారు తాళాలు నా దగ్గరే ఉంచుకున్నాను.

అది నవ్వుకునే కథే. ఇది కాదు. మే నెలలో మా అత్తయ్య గారు సూపర్ వీసా మీద, అంటే తల్లిదండ్రులకిచ్చే దీర్ఘకాలపు వీసా మీద, వచ్చారు. ఒక ఆదివారం నేను స్నానం చేసి వచ్చేసరికి పప్పు తాలింపు అయిపోయింది, కంచాలు పెట్టారు, వేడన్నం వడ్డించారు, ఆవిడ చేతిలో నా స్టీలు గిన్నె. ఫ్రిజ్ లోపల వెనక మూలన, పెరుగు డబ్బాల చాటున పెట్టినది. గరిటెడు నెయ్యి అన్నం మీదకి వంపబోతూ, "ఏమ్మాయ్, ఈ నెయ్యి ఇలా పచ్చబడిందేం? మునగాకు ఎక్కువైందా?" అన్నారు. ఆ గరిటెలో ఎంత లేదన్నా నాలుగు స్పూన్లు. ఆవిడకి 74 ఏళ్ళు, బీపీకి ఒకటి, రక్తం పలచబడడానికి ఒకటి మాత్రలు వేసుకుంటారు. "అత్తయ్యా, అది పాడైపోయింది" అని గిన్నె లాక్కున్నాను. ఆవిడ వాసన చూశారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తాపీగా, "శివరాత్రికి కోటప్పకొండలో బైరాగుల దగ్గర ఈ వాసనే వచ్చేది" అన్నారు. ఇంకేం అడగలేదు. పప్పన్నం నెయ్యి లేకుండానే తిన్నాం.

తెలుగువాళ్ళ ఇంట్లో నెయ్యి కనబడితే ఎవరూ అడిగి వేసుకోరు. పిల్లలు వస్తే వాళ్ళ కంచంలోనే ముందు వేస్తాం. ఇక్కడ తినే గంజాయి అమ్మకాలు మొదలయ్యాక పసిపిల్లలు పొరపాటున తిని ఆసుపత్రి పాలవడం ఎక్కువైంది. దుకాణాలు పిల్లలు తీయలేని మూతలతో అమ్ముతాయి. మనం ఇంట్లో చేసినదానికి ఆ మూత మనమే పెట్టుకోవాలి. ఆ ఆదివారం తర్వాత నేను గంజాయితో నెయ్యి చేయడం మానేశాను. ఇప్పుడు ఎంసీటీ నూనెలో చేస్తున్నాను. కొబ్బరి నూనెలోంచే తీస్తారు దీన్ని, కానీ మామూలు కొబ్బరి నూనెలా మా చలికి గడ్డకట్టదు. కుళాయిలోంచి నీళ్ళలా దిగుతుంది, మందుల షాపు సిరంజితో ఒక మిల్లీలీటరు ఖచ్చితంగా కొలవొచ్చు. రుచి నెయ్యికి పోలిక లేదు, ఒప్పుకుంటాను. నల్ల సీసా, మీద ఎర్ర అక్షరాల్లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పేరు, తేదీ, మిల్లీలీటరుకి ఎంతో లెక్క, అన్నీ రాసి తాళం ఉన్న పెట్టెలో పెడతాను. పెట్టె 22 డాలర్లు, యంత్రం కంటే ముందు కొనాల్సింది అది.

ఐదుకి మూడున్నర ఇస్తాను. రెండు నెలలకోసారి చేసుకునేవాళ్ళు ఓవెన్ థర్మామీటర్, సీసా, వేడినీళ్ళ గిన్నెతో సరిపెట్టుకోండి, దిగే సారంలో నాకు తేడా కనిపించలేదు. అపార్ట్‌మెంట్లో ఉండి వాసనకి భయపడేవాళ్ళు, ఓవెన్‌ని నమ్మలేనివాళ్ళు కొనుక్కోవచ్చు. కుళాయి మార్చి ఇంకో నమూనా వస్తోందని విన్నాను, ఆగగలిగితే ఆగండి.

యంత్రం ఇప్పుడు ఎక్కువగా అత్తయ్య గారి చేతిలోనే ఉంది. ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు గుంటగలగరాకుతో తలనూనె చేస్తారు, ఆ మూతకి కొత్త రింగు విడిగా పెట్టాం. పొయ్యి మీద మాడినట్టు ఇందులో ఒక్కసారి కూడా మాడలేదట, ఆవిడ మాత్రం ఐదుకి ఐదు ఇస్తారు. వచ్చే నెల వెళ్ళేటప్పుడు రెండు సీసాలు సూట్‌కేసులో పెట్టుకుంటానన్నారు. మూతలు తీసి వాసన చూసి, పేర్లు నేనే రాశాను. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ వెళ్ళి చూసి వచ్చాను.