అథ్లెటిక్ డైరెక్టర్‌ను వెతికిపెట్టే సంస్థల సేవ: ఎంపిక కమిటీ నుంచి ఒక సమీక్ష

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి కొత్త అథ్లెటిక్ డైరెక్టర్, అంటే క్రీడల విభాగానికి అధిపతి, కావలసి వచ్చినప్పుడు, ఎంపిక బాధ్యత అధ్యక్షుడిదీ ఆయన నియమించిన కమిటీదీ అయినా, అభ్యర్థులను వెతికి, మాట కలిపి, జాబితా తయారుచేసే పనిని తరచుగా బయటి సెర్చ్ సంస్థకు అప్పగిస్తారు. అటువంటి సేవను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ఎంపిక కమిటీలో అధ్యాపక సభ్యుడిగా ఉండి దగ్గర నుంచి చూశాను. గోప్యతా ఒప్పందం మీద సంతకం చేసినందువల్ల విశ్వవిద్యాలయం పేరు గాని, సంస్థ పేరు గాని, అభ్యర్థుల వివరాలు గాని ఇక్కడ రాయడం లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను: పరిచయాల విషయంలో ఇది డబ్బుకు తగిన సేవే, అభ్యర్థి గతాన్ని పరిశీలించే విషయంలో మాత్రం కాదు.

ఈ పదవిని మన కళాశాలల్లోని ఫిజికల్ డైరెక్టర్ ఉద్యోగంతో పోల్చుకుంటే ఏమీ అర్థం కాదు. అమెరికా కళాశాల క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ అనే సంఘపు మొదటి డివిజన్‌లో, అందులోనూ అమెరికన్ ఫుట్‌బాల్ పై స్థాయిలో ఆడే విశ్వవిద్యాలయం కనీసం పదహారు క్రీడల జట్లను నడపాలి. కోచ్‌లను నియమించడం, తొలగించడం, దాతల నుంచి విరాళాలు రాబట్టడం, 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం మహిళా క్రీడాకారులకు సమాన అవకాశాలు దక్కేలా చూడడం, ఇవన్నీ డైరెక్టర్ పనులే. 2021 జులై 1 నుంచి విద్యార్థి క్రీడాకారులు తమ పేరు, రూపం వాణిజ్యంగా వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో, క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీ ఒప్పందానికి న్యాయస్థానం ఆమోదం లభించాక, ఆ ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాలు నేరుగా తమ ఆదాయం నుంచే క్రీడాకారులకు చెల్లించే వీలు కలిగింది. అలా చెల్లించే సొమ్ముకు 2025–26 సంవత్సరపు పరిమితి ఒక్కో విశ్వవిద్యాలయానికి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆ సొమ్మును ఏ క్రీడకు ఎంత పంచాలి, అసలు అంత సొమ్ము ఎక్కడి నుంచి తేవాలి అన్నది ఇప్పుడు డైరెక్టర్ తేల్చవలసిన మొదటి ప్రశ్న.

సంస్థ బాగా చేసే పని గోప్యత. ఒకచోట డైరెక్టర్‌గా ఉన్న వ్యక్తి మరొక చోటికి ప్రయత్నిస్తున్నాడని తెలిస్తే, అక్కడి దాతలు చెక్కులు ఆపేస్తారు, కోచ్‌లు తమ దారి తాము చూసుకుంటారు. అందుకే పనికివచ్చే అభ్యర్థుల్లో చాలామంది దరఖాస్తు పంపరు. ఎవరైనా మధ్యవర్తి వచ్చి అడిగితేనే మాట్లాడతారు. మేము కుదుర్చుకున్న సంస్థ ప్రతినిధులు ఈ పనిలో ఆరితేరినవారు. మేము నేరుగా ఫోన్ చేస్తే మర్యాదగా కాదనేవారిని కూడా వారు ఇంటర్వ్యూ దాకా తీసుకువచ్చారు. ఇంటర్వ్యూలను విమానాశ్రయం పక్కన ఉన్న హోటల్లో, అభ్యర్థులు ఒకరికొకరు ఎదురుపడకుండా వేళలు చూసి ఏర్పాటు చేశారు. ఎవరి పేరూ పత్రికలకు పొక్కలేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఇందులో మరొక సౌకర్యం కూడా ఉంది: సమాచార చట్టాల కింద పత్రికలవారు మా కాగితాలు అడగవచ్చు గాని, సంస్థ తన దగ్గర ఉంచుకున్న నోట్సు బయటికి రావడం కష్టం. ఈ సౌకర్యం నాకు అంతగా మింగుడుపడలేదు. ప్రజాధనంతో నడిచే విద్యాసంస్థ తన నిర్ణయానికి ఆధారాలను అద్దె గదిలో దాచినట్టు అనిపించింది.

సంస్థ తయారుచేసిన అర్హతల పత్రం నిరాశపరిచింది. దూరదృష్టి, చిత్తశుద్ధి, నిధుల సేకరణలో అనుభవం అంటూ సాగిన ఆ పత్రంలో మా విశ్వవిద్యాలయం పేరు తీసేసి మరే పేరు పెట్టినా సరిగ్గా సరిపోతుంది. మాది పెద్ద కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల కూటమి) కాదు. ఆదాయ పంపకం పరిమితి దాకా వెళ్లే స్థోమత మాకు లేదు. ఉన్న కొద్ది డబ్బును బాస్కెట్‌బాల్ మీద పెట్టి ఫుట్‌బాల్‌లో వెనకబడినా సరే అనుకోగల మనిషి కావాలా, లేక రెండింటినీ నడపాలనుకునే మనిషి కావాలా అన్న అసలు ప్రశ్న అందులో ఎక్కడా లేదు. ఆ పత్రాన్ని కమిటీయే తిరిగి రాసుకుంది, దానికి కూడా సంస్థ రుసుము తీసుకుంది. తిరిగి రాశాక అడిగిన ప్రశ్నల్లో బాగా పనికివచ్చినది ఒకటి చెప్పాలి: బడ్జెట్ తగ్గితే ఏ జట్టును రద్దు చేస్తారు, ఎవరితో ముందు మాట్లాడతారు? స్టాన్‌ఫర్డ్ వంటి సంపన్న విశ్వవిద్యాలయం కూడా 2020 జులైలో పదకొండు క్రీడలను రద్దు చేస్తున్నట్టు ప్రకటించి, పూర్వ విద్యార్థుల నిరసనల తరువాత 2021 మేలో ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకోవలసి వచ్చింది. ఆ ఉదంతం తెలిసిన అభ్యర్థులకూ తెలియనివారికీ జవాబుల్లో ఉన్న తేడా గదిలో అందరికీ వినిపించింది.

ఇక అసలు లోపానికి వస్తాను. అభ్యర్థుల గురించి సంస్థ మాకు ఇచ్చిన నివేదికల్లో నేర చరిత్ర, డిగ్రీల ధ్రువీకరణ, అప్పుల వివరాలు పద్ధతిగా ఉన్నాయి. ఆ తరువాత ఉన్న రిఫరెన్సులన్నీ అభ్యర్థులు స్వయంగా ఇచ్చిన పేర్లే, అంటే పొగడడానికి ముందే ఒప్పుకున్నవారివే. ఇది చిన్న విషయం కాదని చెప్పడానికి రట్గర్స్ విశ్వవిద్యాలయం ఉదాహరణ చాలు. 2013లో ఆటగాళ్లను దూషిస్తూ, వారి మీదకు బంతులు విసురుతున్న బాస్కెట్‌బాల్ కోచ్ వీడియో బయటపడి, కోచ్ పదవి పోయి, డైరెక్టర్ కూడా తప్పుకోగా, ఆ విశ్వవిద్యాలయం ఒక పేరున్న సెర్చ్ సంస్థ సాయంతో కొత్త డైరెక్టర్‌ను ఎంపిక చేసింది. ప్రకటన వెలువడిన కొద్ది రోజులకే, ఆ కొత్త డైరెక్టర్ 1990లలో వాలీబాల్ కోచ్‌గా ఉన్నప్పుడు ఆమె తమను అవమానించేవారని జట్టు క్రీడాకారిణులు రాసిన లేఖ పత్రికల్లోకి వచ్చింది. ఆరోపణలను ఆమె అంగీకరించలేదు, పదవిలో కొనసాగారు కూడా. కాని సరిగ్గా అటువంటి వివాదం నుంచి బయటపడడానికే వెతుకులాట మొదలుపెట్టిన విశ్వవిద్యాలయానికి, పాత జట్టులోని ఆటగాళ్లతో మాట్లాడమని ఎవరికీ తట్టకపోవడం ఎంత విడ్డూరం!

మా కమిటీ ఆ పని తానే చేసింది. ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం ప్రతి సభ్య విద్యాసంస్థలోనూ క్రీడల వ్యవహారాలకు ఒక అధ్యాపక ప్రతినిధి ఉంటారు. చివరి దశకు వచ్చిన అభ్యర్థుల అనుమతి తీసుకుని, వారు లోగడ పనిచేసిన చోట్ల ఉన్న అధ్యాపక ప్రతినిధులతో, పదవి విడిచిపెట్టిన కోచ్‌లతో, చదువుల విభాగంలో క్రీడాకారులకు సాయపడే సిబ్బందితో మాట్లాడాం. సంస్థ నివేదికలో ఒక్క మచ్చ కూడా లేని ఒకరి గురించి, కింది స్థాయి ఉద్యోగులు ఆయన దగ్గర నిలవరని వేర్వేరు ఊళ్లలోని మనుషులు ఒకే మాట చెప్పారు. ఈ కబురు చెప్పినప్పుడు సంస్థ ప్రతినిధి ఆశ్చర్యపోలేదు. అది నాకు ఇప్పటికీ కొరుకుడు పడని విషయం.

ఆశ్చర్యపోకపోవడానికి కారణం ఈ వ్యాపారం నడిచే తీరులోనే ఉందనుకుంటాను. ఈ రోజు డైరెక్టర్‌ను కుదిర్చిన సంస్థే, రేపు ఆ డైరెక్టర్ కోచ్‌ను వెతుక్కునేటప్పుడు అదే పనికి కుదురుతుంది. అభ్యర్థి ఈ రోజు ఉద్యోగార్థి, రేపటికి ఖాతాదారు. అటువంటప్పుడు అభ్యర్థి గురించి ఇబ్బందికరమైన ప్రశ్న వేయడం సంస్థకు లాభసాటి కాదు. ఎవరి నిజాయితీనీ నేను శంకించడం లేదు. కాని కమిటీలో కూర్చున్నవారు తమ ముందున్న జాబితాలో సంస్థకు పాత ఖాతాదారులు ఎందరో అడిగి తెలుసుకోవాలి. మేము అడిగాం, దాచకుండా చెప్పారు.

బయటి సంస్థ తేల్చలేని విషయం ఒకటుంది, అది అసలు నిర్ణయం ఎవరిది అన్నది. 2025 అక్టోబరులో లూయిజియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ కోచ్‌ను తొలగించాక, తరువాతి కోచ్‌ను డైరెక్టర్ ఎంపిక చేయరని రాష్ట్ర గవర్నరే బహిరంగంగా ప్రకటించారు. మరుసటి రోజే ఆ డైరెక్టర్ పదవి నుంచి తప్పుకున్నారు. పదవికున్న అధికారం ఎంతో ముందే తేల్చుకోని చోటికి ఎంత పేరున్న సంస్థ వెతికి పంపినా, సమర్థులు రావడానికి వెనకాడతారు. మరోవైపు, అన్నిచోట్లా బయటి వెతుకులాట అవసరమేనా అన్న సందేహమూ ఉంది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం 2020లో తన పూర్వ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి, అప్పటికే ఆ విభాగంలో ఏళ్లుగా పనిచేస్తున్న క్యాండిస్ స్టోరీ లీని మొదట తాత్కాలికంగా, కొద్ది నెలలకు శాశ్వతంగా డైరెక్టర్‌గా నియమించింది. సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో ఆ పదవి చేపట్టిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. లోపలే సమర్థులున్నప్పుడు మధ్యవర్తికి చెల్లించే రుసుము వృథా ఖర్చు. మా దగ్గర అటువంటి వ్యక్తి లేరు కాబట్టి సంస్థను పిలవడం సరైన నిర్ణయమే అనుకుంటున్నాను.

రుసుము కొన్ని సంస్థలకు మొదటి ఏడాది జీతంలో మూడో వంతుగా, కొన్నిటికి ముందే కుదిరిన మొత్తంగా ఉంటుంది. ప్రయాణ ఖర్చులు వేరు. ముందే కుదిరిన మొత్తమే నయం, ఎందుకంటే జీతం పెరిగేకొద్దీ రుసుము పెరిగే పద్ధతిలో, మన తరఫున జీతం బేరమాడవలసిన మధ్యవర్తికే ఆ జీతం ఎక్కువ కావడం లాభం. నియమితులైన వ్యక్తి ఏడాదిలోపు వెళ్లిపోతే రుసుము లేకుండా మళ్లీ వెతికిపెడతామనే హామీ ఒప్పందంలో ఉంది గాని, డైరెక్టర్ నియమించిన కోచ్ ఎలాంటివాడో తెలిసేది రెండో మూడో సీజన్‌లో. ఆ హామీని మూడేళ్లకు పెంచమని మేము కోరాం. సంస్థ అందుకు ఒప్పుకోలేదు. బదులుగా రుసుములో కొంత తగ్గించింది.