గ్రీన్ మీద గుంట సరిచేసే ఫోర్క్ నుంచి మంచు దులిపే గడ దాకా: గోల్ఫ్ సామానులో ఏది కొనాలి, ఏది వద్దు

గోల్ఫ్ ఆడేవాళ్ళ కోసం ఆన్‌లైన్‌లో అమ్మే సామానుకి అంతే లేదు. స్వింగ్ సరిచేసే బెల్టు ఒకటి, బంతిని ఇంకో ఇరవై గజాలు పంపిస్తామనే ప్లాస్టిక్ టీ (మొదటి దెబ్బకి బంతిని నిలబెట్టే పుల్ల) ఒకటి, చెయ్యి వంగకుండా పట్టే కవచం ఒకటి. వాటి జోలికి నేను పోను. నేను రాసేది చిన్న సామాను గురించి, అందులోనూ కోర్సుని, అంటే ఆడే మైదానాన్ని, బాగుంచే సామాను గురించి. ఎందుకంటే మన హైదరాబాద్‌లో ఆడేవాళ్ళ బ్యాగుల్లో లక్ష దాటిన క్లబ్బులు కనిపిస్తాయి, కానీ గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి మీద, బంతి పడ్డ గుంటని సరిచేసే ఫోర్క్ చాలామంది జేబులో ఉండదు. నన్నడిగితే కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్ళు గ్లవ్ కొన్న రోజే కొనాల్సింది అది.

ఆ గుంట సంగతి కొంచెం చెప్పాలి. ఎత్తుగా వచ్చిన బంతి గ్రీన్ మీద పడితే గడ్డి నలిగి, చిన్న గిన్నెలా లోపలికి దిగిపోతుంది. వెంటనే సరిచేస్తే కొద్ది రోజుల్లో మచ్చ కూడా మిగలదు. వదిలేస్తే వారాల తరబడి గోధుమరంగు మచ్చ ఉంటుంది, తర్వాత వచ్చినవాళ్ళ పట్ (హోల్ వైపు బంతిని దొర్లించే మెల్లటి దెబ్బ) దాని మీదుగా పోయి పక్కకి తిరుగుతుంది. సరిచెయ్యకుండా వదిలెయ్యడం కంటే తప్పుగా సరిచెయ్యడం ఒక్కోసారి ఎక్కువ చేటు. చాలామంది ఫోర్క్‌ని గుంట మధ్యలో గుచ్చి, అడుగున ఉన్న మట్టిని పైకి లేపుతారు. చూడ్డానికి ఆ క్షణానికి సమంగానే ఉంటుంది, కానీ అడుగున వేళ్ళు తెగిపోతాయి, రెండు రోజుల్లో ఆ ముక్క చచ్చిపోతుంది. చెయ్యాల్సింది ఏమిటంటే, గుంట అంచు బయట గుచ్చాలి, ఫోర్క్ పిడిని మధ్యవైపుకి వంచుతూ బాగున్న గడ్డిని లోపలికి నెట్టాలి, అలా చుట్టూ నాలుగైదు చోట్ల నెట్టి చివర పట్ కొట్టే క్లబ్బు, అదే పట్టర్, అడుగుతో తట్టాలి. పట్టుమని పది సెకన్ల పని.

అందుకే ఫోర్క్ కొనేటప్పుడు నేను చూసేది పళ్ళు. సన్నగా, గట్టిగా, ఇంచీకి కాస్త పైన పొడవు ఉండాలి. లావుపాటి పళ్ళు గుచ్చిన ప్రతిచోటా కొత్త కన్నం చేస్తాయి. ప్లాస్టిక్‌వి వానాకాలంలో పర్వాలేదు, ఏప్రిల్, మే నెలల్లో నేల గట్టిపడ్డాక వంగుతాయి లేదా విరుగుతాయి. నేను చాలా రకాలు వాడాను. ఇప్పుడు జేబులో ఉన్నది ఏ ఆర్భాటమూ లేని స్టీలు ఫోర్క్, రెండు పళ్ళది, పిడి మీద అయస్కాంతంతో అంటుకునే బాల్ మార్కర్ (గ్రీన్ మీద బంతి ఎత్తినప్పుడు ఆ చోట గుర్తుగా పెట్టే బిళ్ళ). మడిచే రకాల్లో పిచ్‌ఫిక్స్ అనే డచ్ కంపెనీ వాళ్ళది పట్టుకుని చూశాను, బటన్ నొక్కితే పళ్ళు బయటకొస్తాయి, మూసి ఉంటే జేబు చిరగదు, తొడకి గుచ్చుకోదు, పనితనం బాగుంది. అదే తరహాలో ఆన్‌లైన్‌లో దొరికే పేరూ ఊరూ లేని నకలు ఒకటి కూడా కొన్నాను. కొద్ది వారాల్లోనే స్ప్రింగ్ సందులో ఇసుక చేరి బటన్ బిగుసుకుపోయింది, వాపస్ అడిగితే వాడిన వస్తువు తీసుకోం అన్నారు. కాబట్టి స్ప్రింగు రకం కావాలంటే మంచిదే కొనండి, లేదా అసలు స్ప్రింగే లేనిది కొనండి. డెకాథ్లాన్‌లో వాళ్ళ ఇనెసిస్ బ్రాండ్ ఫోర్కులు తక్కువ ధరకే వస్తాయి, మొదలుపెట్టేవాళ్ళకి అవి చాలు.

ఇంకో మాట. 2019లో నిబంధనలు మారినప్పటి నుంచి గ్రీన్ మీద బంతి గుంటలే కాదు, బూట్ల ముళ్ళ గీతలు కూడా పట్ కొట్టేముందు సరిచేసుకోవచ్చు. పాత అలవాటు ఉన్నవాళ్ళు ఇప్పటికీ జంకుతుంటారు. అక్కర్లేదు, హాయిగా సరిచెయ్యండి.

రెండోది ఇసుక సీసా. ఫెయిర్‌వేలో, అంటే గ్రీన్ దాకా పరుచుకున్న గడ్డి దారిలో, ఐరన్ రకం క్లబ్బుతో కొడితే గడ్డి పెచ్చు లేస్తుంది కదా, దాన్ని తెచ్చి మళ్ళీ అదే గుంటలో పెట్టి కాలితో తొక్కడం టీవీలో చూసి నేర్చుకున్న పద్ధతి. చల్లటి దేశాల్లో ఉండే గడ్డికి అది కుదురుతుంది. మన దగ్గర కోర్సుల్లో ఎక్కువగా వేసేది బెర్ముడా, అంటే మన గరిక జాతే. దాని పెచ్చు తిరిగి పెడితే చాలాసార్లు ఎండకి మాడిపోతుంది. గరిక ఎలా పాకుతుందో వినాయక చవితికి కోసిన ఎవరికైనా తెలుసు, నేల మీద తీగలు, నేల లోపల తీగలు రెండూ ఉంటాయి. ఆ గుంటలో ఇసుక పోసి సమం చేస్తే చుట్టుపక్కల తీగలు వచ్చి కప్పేస్తాయి. ఎండాకాలం, వానాకాలం తొందరగా పూడుతుంది, డిసెంబరు, జనవరి చలికి ఎదుగుదల తగ్గుతుంది కాబట్టి అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇసుక కుప్పగా పొయ్యకండి, కాలితో నేలకి సమంగా రాయండి, లేకపోతే గడ్డి కోసే యంత్రం బ్లేడుకి ఇసుక తగిలి పదును పోతుంది. ఆ బ్లేడు పదును పెట్టించడం క్లబ్బుకి ఎంత ఖర్చో, పదును లేని బ్లేడు గడ్డిని కొయ్యకుండా చీల్చేస్తే ఫెయిర్‌వే ఎలా తెల్లబడుతుందో మాలీలని అడగండి, చెప్తారు.

సీసా విషయంలో మూతి చూసుకోండి. సన్నమూతి సీసాలో తడి ఇసుక దిగదు, కొట్టుకుంటూ కూర్చోవాలి. కార్టులో వెళ్ళేవాళ్ళకి వెడల్పుమూతి సీసా, పక్కన తగిలించే హోల్డర్ ఉంటే చాలు. నడిచి ఆడేవాళ్ళకి భుజానికి వేసుకునే చిన్న కాన్వాస్ సంచీ మేలు, నేను దర్జీ దగ్గర కుట్టించుకున్నాను, కొన్నదాని కంటే బాగా పనిచేస్తోంది.

టీల గురించి క్లుప్తంగా. ప్లాస్టిక్ టీలు వద్దు. విరిగి నేలలో ఉండిపోతాయి, కోసే యంత్రంలో పడతాయి, మట్టిలో కలవవు. వెదురు టీలు వాడండి, చెక్కవాటి కంటే గట్టివి, ఒక్కోటి చాలా రోజులు వస్తుంది. పొడవు 4 అంగుళాలు మించకూడదు, అది నిబంధన. ఈ పుల్లముక్క వెనక నాకెంతో ఇష్టమైన కథ ఉంది. ఒకప్పుడు మొదటి దెబ్బ కొట్టే ప్రతిచోటా (దాన్నీ టీ అనే అంటారు) ఇసుక పెట్టె ఉండేది, తడి ఇసుక పిడికెడు తీసి చిన్న దిబ్బ చేసి దాని మీద బంతి పెట్టేవారు. బోస్టన్‌లో జార్జ్ ఫ్రాంక్లిన్ గ్రాంట్ అనే నల్లజాతి దంతవైద్యుడు 1899లో చెక్క టీకి అమెరికా పేటెంట్ తీసుకున్నాడు. హార్వర్డ్‌లో పాఠం చెప్పిన మనిషి. దాన్ని వ్యాపారం చెయ్యలేదు, స్నేహితులకి పంచిపెట్టాడు. 1920లలో విలియం లోవెల్ అనే ఇంకో దంతవైద్యుడు ఎర్ర రంగు వేసిన టీలు తయారుచేసి, వాల్టర్ హేగన్ లాంటి పెద్ద ఆటగాళ్ళ చేత వాడించి అమ్మాడు. గ్రాంట్ పేరు చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఈ సంగతి ప్రతి గోల్ఫర్‌కీ తెలియాలని నా కోరిక.

దూరం చెప్పే లేజర్ రేంజ్‌ఫైండర్ అందరూ అడిగేది. బుష్నెల్ వాళ్ళది వాడుతున్నాను, జెండాకి గురిపెట్టగానే చేతిలో చిన్న అదురు వస్తుంది, చెట్టు దూరం కాదు జెండా దూరమే అని నమ్మకం కుదురుతుంది. హైదరాబాద్‌లోని బౌల్డర్ హిల్స్ లాంటి బండల, ఎత్తుపల్లాల కోర్సులో వాలు లెక్క చెప్పే సదుపాయం బాగా పనికొస్తుంది, కానీ పోటీల్లో అది ఆపెయ్యాలి. ఆపినట్టు బయటికి కనిపించే స్విచ్ ఉన్న మోడలే కొనండి, తోటి ఆటగాళ్ళతో పేచీ ఉండదు. అయితే ఇదంతా వేల రూపాయల వ్యవహారం, మంచి క్యాడీ (బ్యాగు మోస్తూ సలహా చెప్పే మనిషి) ఉంటే దీని అవసరం సగానికి సగం తగ్గిపోతుంది. ఎన్నో ఏళ్ళుగా అదే కోర్సులో తిరిగే క్యాడీ అన్న "ఏడు నంబర్ తియ్యండి సార్, ఎదురుగాలి ఉంది" అంటే నేను లేజర్ మాట కంటే ఆ మాటే వింటాను.

బౌల్డర్ హిల్స్ పేరొచ్చింది కాబట్టి బాల్ రిట్రీవర్ గురించి చెప్పాలి. సాగదీస్తే పొడవయ్యే స్టీలు గొట్టం, చివర బంతిని పట్టే కప్పు. అది నీళ్ళ కోసం అనుకుంటారు, మన దగ్గర అసలు ఉపయోగం బండల సందుల్లో. ఆ సందుల్లోకి చెయ్యి పెట్టకండి, పాములుంటాయి. బంతికి రెండు వందలో మూడు వందలో, ప్రాణానికి వెల లేదు. కప్పు కంటే పంజా రకం సందుల్లో బాగా దూరుతుంది.

పెద్దవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది పట్టర్ పిడి చివర తగిలించే రబ్బరు సక్షన్ కప్పు. చాలా చౌక. మా బాబాయికి మోకాళ్ళ నొప్పులు, వంగి హోల్‌లో నుంచి బంతి తియ్యడమంటే ఆయనకి పెద్ద టెన్షన్, ఆట మానేద్దామనుకున్నారు. ఇది తగిలించాక మళ్ళీ వారం వారం వస్తున్నారు. పట్టర్‌కి ఇది తగిలించుకోవడం నిబంధనలకి విరుద్ధం కాదు. ఒక్క జాగ్రత్త, బంతి తీసేటప్పుడు హోల్ అంచుకి రాపిడి తగలకుండా నిలువుగా దించండి, నిలువుగా తియ్యండి.

ఇక మాలీలు వాడే సామాను. ఆటగాళ్ళు కొనేది కాదు, కానీ క్లబ్ కమిటీల్లో ఉన్నవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. పొద్దున్నే గోల్కొండలో నయా ఖిల్లా గోడల మధ్య ఆడటానికి వెళ్ళేవాళ్ళు చూసే ఉంటారు, మాలీలు పొడవాటి గడతో గ్రీన్ మీద మంచు దులుపుతుంటారు. బంతి సాఫీగా దొర్లడానికే అనుకుంటారు చాలామంది. గడ్డి ఆకు మీద తడి ఎంతసేపు నిలిస్తే బూజు తెగుళ్ళు అంత పెరుగుతాయి, పైగా ఆ తడిలో గడ్డి తనలోంచి బయటికి వదిలిన నీళ్ళు కూడా ఉంటాయి, అందులోని చక్కెరలు తెగులుకి ఆహారం. దులిపేస్తే ఆకు తొందరగా ఆరుతుంది, మందులు కొట్టే అవసరం తగ్గుతుంది. వెదురు గడ పనిచేస్తుంది, కానీ బరువు. ఫైబర్‌గ్లాస్ గడ తేలిక, చివర బాగా వంగుతుంది, గంటల తరబడి ఊపే మనిషి భుజం మీద భారం తగ్గుతుంది. విదేశీ సరుకు ఖరీదని కొనరు. ఒక క్లబ్బులో ఏటా విందులకి పెట్టే ఖర్చులో ఇది ఏ మూలకి?

హోల్ కట్టర్ కూడా అంతే. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు, దాన్ని తరచూ చోటు మారుస్తారు, కొత్త హోల్ నుంచి తీసిన మట్టిబిళ్ళని పాత హోల్‌లో పెడతారు. ఆ బిళ్ళ కొంచెం ఎత్తుగా ఉంటే కోసే యంత్రం దాని నెత్తి గొరుగుతుంది, పల్లంగా ఉంటే పట్ దారి తప్పుతుంది. అంచు అరిగిన కట్టర్‌తో హోల్ ఎప్పుడూ శుభ్రంగా రాదు, అంచు చిరిగినట్టు ఉంటుంది. లోతు గుర్తు ఉన్న కట్టర్, దానితోపాటు బిళ్ళని సమం చేసే చిన్న పనిముట్టు, రెండూ కలిపి కొనాలి.

స్టింప్‌మీటర్ గురించి కూడా అడుగుతుంటారు. గ్రీన్ ఎంత వేగంగా ఉందో కొలిచే అల్యూమినియం పట్టీ, 36 అంగుళాల పొడవు. గాడిలో బంతి పెట్టి నెమ్మదిగా ఎత్తితే సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి జారుతుంది, ఎన్ని అడుగులు దొర్లిందో కొలిచి, ఎదురు దిశలో కూడా కొలిచి సగటు తీస్తారు, అదే ఆ గ్రీన్ నంబరు. 1935లో అమెరికాలోని ఓక్‌మాంట్ కోర్సులో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ చూసిన ఎడ్వర్డ్ స్టింప్సన్ ఆ గ్రీన్లు మరీ వేగంగా ఉన్నాయని నిరూపించడానికి చెక్కతో చేశాడు, 1970లలో అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ దాన్ని సవరించి క్లబ్బులకి ఇచ్చింది. మంచి పనిముట్టు, కానీ దాని ఉద్దేశం అన్ని గ్రీన్లూ ఒకే వేగంలో ఉన్నాయో లేదో చూసుకోవడం. మన దగ్గర సభ్యులు నంబరు పట్టుకుని "టీవీలో పన్నెండు, మనకి తొమ్మిదేనా" అని మాలీల మీద పడుతున్నారు. మే నెల ఎండలో నంబరు కోసం గడ్డిని ఇంకా కిందికి కోయిస్తే గ్రీన్ చచ్చిపోతుంది. వేగం అడిగే ముందు అన్ని గ్రీన్లూ సమంగా ఉన్నాయా అని అడగండి.

క్లబ్బులవాళ్ళకి చిన్న విన్నపం: పార్-3 హోల్స్‌లో (మూడు దెబ్బల్లో ముగించాల్సిన పొట్టి హోల్స్) మొదటి దెబ్బ కొట్టే టీల దగ్గర ఒక ఇసుక డబ్బా, అందులో చిన్న పార ఉంచండి. ఐరన్‌తో మొదటి దెబ్బ కొట్టేది ఎక్కువగా అక్కడే, గడ్డి ఎక్కువగా లేచేదీ అక్కడే.