వాక్యూమ్ గేజ్: మార్పులు చేసిన అంబాసిడర్‌లో పికప్ ఎక్కడ పోతుందో చూపే ముల్లు

పాత అంబాసిడర్‌కు పికప్ తగ్గిందంటే చాలామంది చెయ్యి ముందు కార్బొరేటర్ మీదికే పోతుంది. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఫ్రీఫ్లో సైలెన్సర్, ఓపెన్ ఎయిర్ ఫిల్టర్, ఆపైన గ్యాస్ కిట్ కూడా ఉన్న బండికి ఆ అలవాటు మరీ చేటు. ఒక లోపం కప్పడానికి మిక్చర్ (గాలి, పెట్రోల్ పాళ్లు) తిప్పుతారు, అది కుదరక టైమింగ్ (స్పార్క్ పడే సమయం) తిప్పుతారు, చివరికి ఏ సెట్టింగూ దాని చోట ఉండదు. వాక్యూమ్ గేజ్ అంటే ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లో, అంటే కార్బొరేటర్ నుంచి సిలిండర్లకు పోయే దారిలో, ఇంజన్ గాలిని ఎంత బలంగా పీలుస్తోందో కొలిచే మీటరు. ఇలాంటి బండి మీద దాన్ని ఏళ్ల తరబడి వాడాక నా మాట ఒకటే: గేజ్ తగిలించి చూడనిదే ఏ స్క్రూనూ ముట్టొద్దు.

కొనేటప్పుడు డయల్ పెద్దది, 0 నుంచి 30 అంగుళాల పాదరసం దాకా కొలిచేది తీసుకోవాలి. అదే డయల్ మీద 10 పీఎస్ఐ దాకా ఫ్యూయల్ పంపు ప్రెషర్ కూడా ఉంటే ఇంకా మంచిది. గ్లిజరిన్ నింపిన గేజ్ చూడటానికి నాజూకుగా ఉన్నా ఈ పనికి పనికిరాదు. ముల్లు వణుకులోనే సమాచారం ఉంటుంది, గ్లిజరిన్ ఆ వణుకునే చంపేస్తుంది. గేజ్‌తో వచ్చే పల్చటి ప్లాస్టిక్ గొట్టం ఇంజన్ వేడికి మెత్తబడి లోపలికి అతుక్కుంటుంది. దాన్ని పక్కన పెట్టి మందపాటి రబ్బరు గొట్టం వేయాలి.

బ్రేక్ బూస్టర్ ఉన్న బండిలో మానిఫోల్డ్ నుంచి బూస్టర్‌కు పోయే గొట్టంలో, నాన్‌రిటర్న్ వాల్వ్‌కు మానిఫోల్డ్ వైపున టీ (మూడు నోళ్ల జాయింటు) వేస్తే సరిపోతుంది. బూస్టర్ లేని పాత మోడల్‌లో మానిఫోల్డ్‌కు రంధ్రం చేసి మర కోయించి నిపుల్ బిగించాలి. ఆ పని మానిఫోల్డ్ విప్పి బయట పెట్టుకునే చేయాలి, లేకపోతే లోహపు పొడి నేరుగా సిలిండర్లలోకి పోతుంది. డిస్ట్రిబ్యూటర్‌కు పోయే సన్న పైపు నుంచి రీడింగ్ తీయకూడదు. సాధారణంగా దాని రంధ్రం బటర్‌ఫ్లై (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే కార్బొరేటర్ రేకు) అంచుకు పైన ఉంటుంది కాబట్టి స్లో స్పీడ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడిచేటప్పుడు, దాదాపు ఏమీ చూపదు.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాకే, స్లో స్పీడ్‌లో చూడాలి. పుస్తకాల్లో 17 నుంచి 21 అంగుళాలని ఉంటుంది, అది సముద్రమట్టం లెక్క. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. వరంగల్ ఆ ఎత్తుకు దగ్గర్లోనే ఉంది కాబట్టి ఇక్కడ 16 నుంచి 20 మధ్య ముల్లు కదలకుండా నిలిస్తే ఇంజన్ ఊపిరి బాగున్నట్టే. స్పోర్ట్స్ క్యామ్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్‌షాఫ్ట్) వేసిన ఇంజన్‌కు ఈ లెక్క వర్తించదు. దానికి రీడింగ్ ఎప్పుడూ తక్కువ, ముల్లు కొంచెం ఊగుతుంది. బండి బాగున్న రోజునే దాని రీడింగ్ రాసిపెట్టుకుంటే, తర్వాత పోల్చుకోవడానికి ఆ కాగితమే ఆధారం.

ముల్లు 12, 14 దగ్గర కదలకుండా నిలబడితే రెండే అనుమానాలు: టైమింగ్ వెనక్కి ఉంది, లేదా మానిఫోల్డ్ గాలి పీలుస్తోంది. డిస్ట్రిబ్యూటర్‌లోని కాంటాక్ట్ పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టిన బండిలో మొదటిదే ఎక్కువ. సెన్సర్ సిగ్నల్ ఇచ్చే చోటు, పాయింట్లు తెరుచుకునే చోటు ఒకటి కావు, అందుకే మాడ్యూల్ పెట్టిన వెంటనే టైమింగ్ మళ్లీ కట్టాలి. డిస్ట్రిబ్యూటర్‌ను కొద్దిగా ముందుకు తిప్పగానే ముల్లు రెండు మూడు అంగుళాలు లేస్తే సంగతి అదే. కానీ ముల్లు ఎక్కడ గరిష్ఠంగా లేస్తే అక్కడే బిగించే పద్ధతిని నేను గట్టిగా వద్దంటాను. స్లో స్పీడ్‌లో ఇంజన్ ఎంత అడ్వాన్స్ (స్పార్క్‌ను ముందుకు జరపడం) ఇచ్చినా తీసుకుంటుంది, లోడ్ మీద మాత్రం నాకింగ్ కొడుతుంది. హెడ్ ఫేసింగ్ ఎక్కువ చేయించి కంప్రెషన్ పెరిగిన ఇంజన్‌లో ఆ దెబ్బ పిస్టన్ల దాకా పోతుంది. టైమింగ్ లైట్ పెట్టి, వాక్యూమ్ పైపు తీసి మూసి, రేజ్ చేసినప్పుడు మొత్తం అడ్వాన్స్ 32 డిగ్రీల దగ్గర ఆగేలా చూసుకోవడం క్షేమం.

టైమింగ్ సరిగ్గా ఉండీ ముల్లు లేవకపోతే లీకు వెతకాలి. ఈ ఇంజన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు ఒకే వైపున, ఒకే గ్యాస్కెట్ మీద కూర్చుంటాయి. ఫ్రీఫ్లో కోసం ఎగ్జాస్ట్ మార్చినప్పుడు కొత్త ఫ్లాంజ్ మందం పాతదానితో కలవకపోతే, మధ్యలో ఉన్న వాషర్లు ఒకదాన్ని బిగించి ఇంకోదాన్ని వదులుగా వదిలేస్తాయి. లీకు పట్టడానికి కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టొద్దు. కిందే ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ ఉంది, మంట అంటుకుంటుంది. చిక్కటి సబ్బు నీళ్లు బ్రష్‌తో ఒక్కో జాయింటుకు పూస్తే చాలు. లీకున్న చోట నీళ్లు పడగానే ముల్లు ఒక్కసారి పైకి కదులుతుంది. బటర్‌ఫ్లై షాఫ్ట్ చివరలు కూడా చూడాలి, అరిగిన షాఫ్ట్ చుట్టూ గాలి పీల్చని పాత ఎస్‌యు (SU) రకం కార్బొరేటర్ అరుదు.

ముల్లు ఒకే తాళంలో కిందికి దెబ్బ కొడుతుంటే ఒక సిలిండర్‌లో వాల్వ్ సరిగ్గా కూర్చోవడం లేదని అర్థం. ముందు చల్లారిన ఇంజన్ మీద టాపెట్లు 15 థౌకి (అంగుళంలో వెయ్యో వంతులు 15) సెట్ చేసి చూడాలి. గ్యాస్ మీద నడిచే బండిలో ఇది తరచూ వస్తుంది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చినప్పటి నుంచి గట్టి సీట్లు లేని హెడ్‌లకు రక్షణ పోయింది, గ్యాస్ ఆ అరుగుదలను ఇంకా పెంచుతుంది. సీటు లోపలికి దిగేకొద్దీ టాపెట్ గ్యాప్ తగ్గిపోతుంది, వాల్వ్ మూసుకోదు, కాలుతుంది. టాపెట్ సెట్టింగ్ పదే పదే బిగుసుకుంటుంటే హెడ్ విప్పి గట్టి సీట్లు వేయించాల్సిందే. స్లో స్పీడ్‌లో గబగబా వణికి, రేజ్ చేస్తే నిలబడే ముల్లు వాల్వ్ గైడ్ల అరుగుదలను చూపుతుంది. ముల్లు నాలుగైదు అంగుళాల మేర పైకీ కిందికీ మెల్లగా తేలుతుంటేనే మిక్చర్ సంగతి. అప్పుడే కార్బొరేటర్ కింది జెట్ నట్టు ముట్టాలి: పూర్తిగా పైకి బిగించి, 12 పలకలు (ఆరు పలకల నట్టుకు రెండు చుట్లు) కిందికి దించితే అది మొదటి సెట్టింగ్. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్‌కు మిక్చర్ పలచబడుతుంది, ఇంకో పలకో రెండో దించాల్సి వస్తుంది. ఓపెన్ ఫిల్టర్ పెట్టాక పై స్పీడ్‌లో పలచబడితే మాత్రం నట్టుతో పని కాదు, జెట్‌లో ఆడే నీడిల్‌ను లావు తగ్గినదిగా మార్చాలి.

2500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పట్టి ఉంచితే ముల్లు నెమ్మదిగా జారుతుంటే సైలెన్సర్ లోపల మూసుకుపోయింది. కొత్తగా వేసిన సైలెన్సర్‌లోనూ లోపలి పలక ఊడి అడ్డం పడొచ్చు.

చాలామంది చేయని పరీక్ష ఇంకొకటి ఉంది, గేజ్ విలువ నిజంగా తెలిసేది అక్కడే. గొట్టం క్యాబిన్‌లోకి తెచ్చి పక్కన కూర్చున్నవారి చేతికి గేజ్ ఇచ్చి, కాజీపేట వంతెన లాంటి ఎత్తు మీద టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ నేలకు తొక్కాలి. ముల్లు సున్నాకు దగ్గరగా, మహా అయితే ఒక అంగుళం దగ్గర ఉండాలి. మూడు నాలుగు చూపితే ఇంజన్‌కు చాలినంత గాలి అందడం లేదు. పెడల్ పూర్తిగా తొక్కినా బటర్‌ఫ్లై సగంలోనే ఆగే లింకేజీ, గ్యాస్ మిక్సర్ సన్నటి నోరు, దుమ్ము పట్టిన ఫిల్టర్, వీటిలో ఏదో ఒకటి. కరీంనగర్ వైపు గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద నడిచే బండికి ఫిల్టరే మొదటి ముద్దాయి. దాన్ని తీసి అదే ఎత్తు మళ్లీ ఎక్కితే తేలిపోతుంది.

గేజ్‌కు చేతకానివీ ఉన్నాయి. మే నెలలో 44 డిగ్రీల ఎండలో హనుమకొండ ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ కదిలితే బండి కట్ అవుతుంది, స్లో స్పీడ్ రీడింగ్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అప్పుడు టైమింగ్ లైట్ క్లిప్పును కాయిల్ మధ్య వైరుకు తగిలించాలి. ఇంజన్ తడబడినప్పుడు లైట్ కూడా తప్పుతుంటే తప్పు కరెంటుది: వేడెక్కిన మాడ్యూల్, లేదా దానికి సరిపడని కాయిల్. 3 ఓమ్‌ల కాయిల్ కోరే మాడ్యూల్‌కు 1.5 ఓమ్‌ల కాయిల్ రెసిస్టర్ లేకుండా పెడితే మాడ్యూల్ కాలిపోతుంది. లైట్ తప్పకుండా కొడుతుంటే పెట్రోల్ వైపు చూడాలి. గేజ్ రెండో కొలత ఇక్కడ అక్కరకొస్తుంది. పంపు, కార్బొరేటర్ మధ్య టీ వేసి చూస్తే 2, 3 పీఎస్ఐ నిలబడాలి. వేడికి అది పడిపోయి ఊగితే పైపులో ఆవిరి. పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా తిప్పి, కార్బొరేటర్ కింద రేకు కవచం వేయాలి. ఎలక్ట్రిక్ పంపు అదనంగా పెట్టినవారు 3 పీఎస్ఐ దాటకుండా రెగ్యులేటర్ వేయాలి. అంతకు మించితే ఎస్‌యు ఫ్లోట్ నీడిల్ ఆపలేక పెట్రోల్ పొంగి వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. ఈ కొలత తీసేటప్పుడు గొట్టం క్లిప్పులు బిగుతుగా ఉండాలి, పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి, కొలత అయిన వెంటనే టీ తీసేసి పాత పైపు బిగించాలి.