తమ్ముడి చేతిలో అసిస్టివ్ యాక్సెస్: రెండేళ్ల వాడకం తర్వాత

మా తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. మేధో వైకల్యం ఉంది. విజయవాడ సత్యనారాయణపురంలో ఏ సందులో ఏ కొట్టుందో వాడిని అడిగితే చాలు. చదవడం అంతంత మాత్రం, అంకెలు గుర్తుపడతాడు. మామూలు స్మార్ట్‌ఫోన్ ఇస్తే మాత్రం ఎక్కడో తెలియని చోట ఇరుక్కుని, టెన్షన్ పడి, పక్కన పెట్టేసేవాడు. ఐఫోన్‌లో ఫోన్ వాడకాన్ని తేలిక చేసే అసిస్టివ్ యాక్సెస్ అనే ఏర్పాటు ఉందని తెలిసి వాడికోసం ఒక పాత ఫోన్ కొన్నాం.

ఇది 2023లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17తో వచ్చింది. విడిగా యాప్ ఏమీ వేసుకోనక్కర్లేదు, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కిందే ఉంటుంది. ఆన్ చేస్తే మనం ఎంచిన యాప్‌లు మాత్రమే పెద్ద పెద్ద బొమ్మలతో కనిపిస్తాయి. తెర అడుగున పెద్ద వెనక్కి బటన్. నన్నడిగితే దీని గొప్పతనమంతా ఆ బటన్‌లోనే ఉంది. ఏది తప్పు నొక్కినా బయటపడే దారి ఒకే చోట ఉందని తెలిశాక వాడికి భయం పోయింది. ఎవరికి ఫోన్ చేయవచ్చో కూడా మనమే పెట్టవచ్చు. అమ్మ ఫోటో నొక్కి అమ్మతో మాట్లాడతాడు. ఐఓఎస్ 18.4 వెర్షన్ నుంచి ఫోన్ భాషగా తెలుగు కూడా ఉంది కాబట్టి సెట్టింగ్స్ ఇప్పుడు అమ్మే చూసుకుంటోంది.

ఒకసారి మా పిన్ని తన పాత ఫోటో బాగోలేదని కొత్తది పెట్టించుకుంది. అంతే, వాడు పిన్నికి ఫోన్ చేయడం మానేశాడు. కారణం ఎవరికీ తట్టలేదు. పాత ఫోటో తిరిగి పెట్టాక ఆ సాయంత్రమే చేశాడు. యాప్‌లు తయారుచేసేవాళ్లకు నేను చెప్పాలనుకునేది ఇదే: మీకు పాతబడిందనిపించిన గుర్తు మీదే ఇంకొకరు ఆధారపడి ఉంటారు. దయచేసి ఊరికే మార్చకండి.

చిక్కంతా బయటి యాప్‌లతోనే. ఇంటి కరెంటు బిల్లు తనే కట్టాలని వాడికి ఎంతో సరదా, నేను పక్కన కూర్చుంటాను. మేం వాడే బిల్లుల యాప్ (పేరెందుకులెండి) అప్‌డేట్ అయినప్పుడల్లా బటన్ చోటు మారుతుంది. ఓటీపీలో ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసి కొడుతుంటే సగంలోనే గడువు అయిపోతుంది. పైగా ‘ధృవీకరణ విఫలమైంది’ అని వస్తుంది. ‘నంబర్ తప్పు, మళ్లీ కొట్టండి’ అంటే నేను చదివి వినిపించినా వాడికి అర్థమవుతుంది కదా! గుర్తుపెట్టుకోవడం, చూసి ఎక్కించడం లాంటి పరీక్ష లేకుండా లాగిన్ అయ్యే దారి ఉండాలని 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాల్లోనే (వెబ్‌సైట్ల లాంటివి వైకల్యం ఉన్నవాళ్లూ వాడుకునేలా ఉండడానికి పెట్టిన అంతర్జాతీయ ప్రమాణాలు) ఉంది. డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వాడికి కావలసింది ఇంకాస్త సమయం, తేలిక మాట. అంతకుమించి ఏమీ లేదు.

కొనవచ్చా అంటే, ఫోన్ మాట్లాడటానికి, ఫోటోలకు, పాటలకు నిశ్చింతగా కొనవచ్చు. పక్షవాతం తర్వాత తికమకపడే పెద్దవాళ్లకూ పనికొస్తుంది. మొదట కాల్స్, ఫోటోలు మాత్రమే పెట్టండి, అలవాటయ్యాక ఒక్కోటి చేర్చండి. ఏవి ఉండాలో వాడే మనిషినే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. మా వాడు పాటల కంటే ముందు కెమెరా అడిగాడు.